రెండు కాళ్ల బంగారు బల్ల

మా వీధిలో మధ్యాహ్నం పూట ఎవరికీ కన్ను సరిగా మూతపడదు. గురులింగప్ప ఇంట్లోంచి ఆ చప్పుడు వస్తుంది. రాతి మీద ఇనుముతో కొట్టినట్టు రెండు దెబ్బలు. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. మళ్లీ రెండు దెబ్బలు. మొదట్లో పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు వాళ్లు కూడా ఆ ఇంటి ముందు ఆట ఆపేసి అవతలి వీధికి పోతున్నారు.

ఆ చప్పుడు ఏమిటో చెప్పాలంటే గురులింగప్ప సంగతి చెప్పాలి. అంత చెప్పుకోదగ్గ మనిషేం కాడు. చెప్పుకోదగ్గవాళ్ల గురించి రాయడానికి మా ఊళ్లో వేరేవాళ్లున్నారు. వాళ్లకు సభలూ శాలువాలూ ఉన్నాయి. ఇతను జహీరాబాద్ గంజ్‌లో దడువాయి. న్యాల్‌కల్ నుంచి, మొగుడంపల్లి నుంచి రైతులు బండ్ల మీద తెచ్చిన కందులూ జొన్నలూ కాంటాకెత్తి తూచడం, ఎన్ని సంచులయ్యాయో గట్టిగా లెక్క చదవడం అతని పని. మొదటి సంచిని ఒకటి అనడు, లాభం అంటాడు. గంజ్‌లో అందరూ అంతే. ఆ లాభం ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పరు.

తమ్ముడు వీరప్ప అదే గంజ్‌లో, అన్న తూచే అడ్తి దుకాణంలోనే, అంటే కమీషన్ మీద ధాన్యం అమ్మించే చోట, సంచులు కుట్టేవాడు. చేతిలో జానెడు దబ్బనం, నడుముకు పురికొస చుట్ట. అన్న తూచిన సంచి మూతిని తమ్ముడు కుట్టేవాడు. వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉండేది. తూకం అయ్యాక దడువాయి చేతిలోని ఇనుప గుండుతో కాంటా కొయ్య మీద రెండుసార్లు కొడతాడు. కుట్టేవాడు ముల్లు చూసుకుని దబ్బనం వెనక కొసతో ఒక్కసారి కొడతాడు. బరాబర్ అని దానర్థం. ఆ ఒక్క దెబ్బ పడ్డాక ఆ సంచి తూకం మీద రైతు గానీ సేటు గానీ నోరెత్తకూడదు. ఇరవై ఏళ్లు ఆ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పొద్దస్తమానం అలా మాట్లాడుకున్నారు.

వాళ్లు లింగాయతులు. ముత్తాతలు హుమ్నాబాద్ వైపు నుంచి వచ్చారు. ఇంట్లో కన్నడం, గంజ్‌లో తెలుగు, కచేరీలో ఉర్దూ. తగువు మాత్రం తెలుగులోనే పడేవారు. వీధి మొత్తానికి అర్థం కావాలి కదా.

1955లో తండ్రి పోయాడు. ఏడాది తిరక్కుండానే పంపకం పెట్టుకున్నారు. ఎవరి కోసమో నాకు ఇప్పటికీ తెలియదు, ఇద్దరికీ పిల్లల్లేరు. మా దగ్గర పెళ్లికి పిలిచినా రానివాళ్లు పంపకానికి పిలవకుండా వస్తారు. అరుగుల మీద కూర్చుని, ఇది ఇలా కొయ్యి, అది అలా కొయ్యి అని సలహాలు చెబుతారు. మా వీధి బస్వమ్మ అత్తగారింట్లో అన్నదమ్ములు నిచ్చెనను నిలువునా కోసుకున్నారు. చెరొక గడకర్ర, సగం సగం మెట్లు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ అటక ఎక్కలేదు. మరుసటి ఏడు పెద్దవాళ్లు మా జిల్లానే కోశారు. బీదర్ మైసూరుకు పోయింది, మేం ఆంధ్రప్రదేశ్‌లో పడ్డాం. కాబట్టి మా వీధిని ఒక్కదాన్నే తప్పుపట్టలేను.

ఇల్లు అయింది, చెలక పొలం అయింది, ధాన్యం దగ్గరికి వచ్చారు. పాతరలోంచి తీసిన తండ్రి జొన్నలను గురులింగప్పే తూచాడు. చివరి సంచి దగ్గర అలవాటు కొద్దీ గుండుతో రెండుసార్లు కొట్టాడు. వీరప్ప దబ్బనం ఎత్తాడు గానీ కొట్టలేదు. పంపకం చేసే పంచుల వైపు తిరిగాడు.

"మా అన్న కాంట పడితె ముల్లు ఎటు వంగుతదో ఇర్వై ఏండ్ల సంది చూస్తున్న. బయటోళ్లకు బరాబర్ అని కొట్టిన. నాకు నేను ఎట్ల కొట్టుకుంట?"

దడువాయిని పదిమందిలో అనకూడని మాట అది. గంజ్‌లో ముల్లు ఎప్పుడూ నిటారుగానే నిలిచిందా అంటే నేను చెప్పలేను, రైతులను అడగాలి. కానీ అన్నవాడు తమ్ముడు. గురులింగప్ప మెడలో లింగం ఉంచుకునే లింగకాయను గుప్పిట పట్టుకున్నాడు.

"వాడు ఆ మాట వాపస్ తీస్కునేదాంక వానితోని నా నోరు కలవది. నా లింగం సాక్షి."

ఆ ఒట్టు పెట్టుకున్నాక లింగాయతుకు వెనక్కి దారి లేదు. నడిమింట్లో గోడ లేచింది. తన వాటాలోంచి వేలెడు జాగా ఎక్కువ పోకూడదని ఇద్దరూ పట్టుబట్టారు. అందుకని పచ్చి ఇటుకను పక్కమీద నిలబెట్టి ఒకే వరుసలో కట్టి మట్టి మెత్తారు. అవతల పోపు వేస్తే ఇవతల తుమ్ములు వచ్చేవి.

మాట్లాడుకోకూడదు, కానీ చెప్పుకోవలసినవి ఉంటాయి. దానికి బర్రె పనికొచ్చింది. పంపకంలో బర్రె అన్నకు, దాని దుడ్డె తమ్ముడికి వచ్చాయి. రెండూ వీధిలో పక్కపక్క గుంజలకే ఉండేవి. గురులింగప్ప బయటికొచ్చి బర్రె వీపు నిమురుతూ, రేపు గురువు జంగమయ్య భిక్షకు వస్తున్నాడట, ఇళ్లు అలుక్కోవాలట అని దానితో చెప్పేవాడు. వీరప్ప తన గడపలో నిలబడి, అలుకుడు అయిందని చెప్పు అని దుడ్డెతో అనేవాడు. ఆడవాళ్లూ అంతే. గురులింగప్ప భార్య మహాదేవమ్మ, వీరప్ప భార్య సంగమ్మ కూరల సంగతి నుంచి శాపనార్థాల దాకా అన్నీ బర్రె ద్వారానే నడిపేవారు. మా వీధి గుట్టు మొత్తం తెలిసిన ప్రాణి అదొక్కటే. నెమరు వేసుకుంటూ వినేది.

1959లో ఆ బల్ల వచ్చింది.

న్యాల్‌కల్ అవతల ఒక పల్లెలో పాత జాగీర్దారు దేవిడీ, పెద్ద బంగళా, ఉంది. జాగీర్లు పోయి పదేళ్లు. వారసులు హైదరాబాద్‌లో ఉండి, దేవిడీలో మిగిలిన సామాను అమ్మకానికి పెట్టారు. ఇత్తడి గంగాళాలు తూయడానికి గురులింగప్పను పిలిపించారు. మంచాలూ తివాచీలూ దీపపు గుత్తులూ అన్నీ పోయాయి. ఈ బల్లను ఎవరూ ముట్టుకోలేదు, దానికి కాళ్లు రెండే. దాన్ని కూడా బండిలో వేసుకుపొమ్మని మున్షీ గురులింగప్పకు చెప్పాడు.

మా వీధికి అలాంటి వస్తువు ఎప్పుడూ రాలేదు. పైన నరాలు తేలినట్టు గీతలున్న బూడిదరంగు చలువరాయి. కింద కొయ్య మొత్తం ఆకులు, గవ్వలు, చుట్టలు తిరిగిన తీగెలు, వాటన్నిటి మీదా బంగారు పూత. రెండు కాళ్లూ మేక కాళ్లలా లోపలికి వంగి కింద కలుసుకుంటాయి. ముందు పట్టీ నడుమ ఆకుల్లోంచి ఒక ఆడమనిషి మొహం బయటికి చూస్తుంటుంది. నవ్వుతున్నదో ఏదో వింటున్నదో చెప్పడం కష్టం. పూత లేచిన చోట కింద మన మొరం నేల లాంటి ఎరుపు, ఆ ఎరుపు కింద సున్నం లాంటి తెలుపు కనిపించేవి.

వెనక వైపు మాత్రం ఏమీ లేదు. చెక్కుడు లేదు, బంగారం లేదు. రంపం కోత గీతలతో ఉత్త కొయ్య.

గురులింగప్ప ఆ గీతల మీద వేలు పెట్టి చూసి విషయం తేల్చేశాడు. ఆ దేవిడీ ఇద్దరు అన్నదమ్ములది, వాళ్లకు పడేది కాదు, అందరికీ తెలుసు. నాలుగు కాళ్ల బల్లను నడుమ కోసి చెరిసగం తీసుకున్నారు. "మా లెక్కనే కోసిన్రు" అన్నాడు. వీధిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. సగం నిచ్చెన చూసినవాళ్లకు సగం బల్ల వింతా?

అది తనంతట తాను నిలబడదు. గోడ కావాలి. నడిమింట్లో ఒక గోడకు తలుపు, ఒక గోడకు పూజగూడు, ఒక గోడకు జొన్నల గుమ్మి. మిగిలింది పంపకం గోడ. దానికి ఇనుప కొక్కేలు దిగగొట్టించి బల్లను ఆనించాడు. బరువంతా కాళ్లే మోస్తాయి, ముందుకు పడకుండా కొక్కేలు పట్టుకుంటాయి. కానీ గోడ మందమెంత? కొక్కేల మొనలు అవతలికి తేలాయి. సంగమ్మ చేతిలో చాటతో వీధిలోకి వచ్చింది.

"ఓ బర్రే, మీ ఇంటోళ్లకు జర చెప్పు. మా గోడకు మొలకలొచ్చినయ్. నీళ్లు పోస్తె బంగారం కాస్తదా అడుగు."

గోడలో మాకు సుత సగం ఉన్నదని చెప్పు బర్రే అని మహాదేవమ్మ లోపలి నుంచే జవాబిచ్చింది. వీరప్ప ఆ మొనలకు తన అంగీ తగిలించుకోవడం మొదలుపెట్టాడు.

బల్ల వచ్చిన మొదటి ఎండాకాలమే అది చిటపటమనడం మొదలైంది. ఎండకు కొయ్య బిగుసుకుంటే చప్పుడు చేస్తుంది, ఏ తలుపైనా చేస్తుంది. గురులింగప్ప మాత్రం భోజనం మధ్యలో చెయ్యి ఆపి వినేవాడు. ఈ సగం రెండో సగాన్ని పిలుస్తున్నదన్నాడు. ఆ మొహం చూపు కూడా మారుతున్నదట. పొద్దున వాకిలి వైపు చూస్తుందట, మధ్యాహ్నం తన వైపు. మహాదేవమ్మ దాని మీద పాత చీర ముక్క కప్పింది. ఆయన తీసేశాడు.

రెండో సగం కోసం తిరిగాడు. ఆ జాగీర్దారు చిన్నతమ్ముడి సంతతి బీదర్‌లో ఉన్నారని వింటే బీదర్ పోయాడు. కాదు హుమ్నాబాద్ అంటే అక్కడికీ పోయాడు. వాళ్ల గుమస్తాలు ఆయన్ను అరుగు మీదే నిలబెట్టి పంపించారు. గంజ్‌లో హమాలీలు ఆటపట్టించేవారు: దడువాయీ, నీ బల్లకు పెండ్లాం దొరికిందా, లగ్గం ఎప్పుడని. తమ్ముడు గోడకు అవతలే ఉండగా బల్ల తమ్ముడి కోసం జిల్లా దాటి తిరుగుతున్నాడని ఒక్కరైనా అన్నారా అంటే, లేదు. పక్కవాడి పిచ్చిలో తన పిచ్చిని చూసుకునే ఓపిక మా ఊళ్లో ఎవరికీ లేదు.

ఒకసారి నన్ను పిలిచాడు. నేను నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతానని వీధిలో పేరు. బల్ల కింద అంటించిన చిన్న కాగితం ముక్క ఉంది, దాంట్లో రెండో సగం జాడ ఉంటుందని ఆయన ఆశ. వెల్లకిలా పడుకుని చూశాను. పురుగు కొట్టేయగా మిగిలింది ఒక్క మాట, పారిస్. అది ఫ్రాన్సు దేశంలో ఊరని చెప్పాను. ఆయన ఆ కాగితం వైపు వంగాడు.

"ఆడ సుత అన్నదమ్ములు పాలు పంచుకుంటరా?"

రాజు తలనే కోసిన దేశమని చదివానని, బల్ల ఒక లెక్కా అని అన్నాను. ఆయన నవ్వలేదు. అయితే సరేనన్నట్టు తలాడించాడు.

1964 వానాకాలంలో వీరప్ప గంజ్‌లో, పంపకం తర్వాత చేరిన వేరే దుకాణం ముందు, సంచి కుడుతూ కుడుతూ పక్కకు ఒరిగాడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. దవాఖానలో కొన్నాళ్లుంచి ఇంటికి తెచ్చారు. ఇల్లంతా కురుస్తుంటే తడవని చోటు పంపకం గోడ పక్క ఒక్కటే. అక్కడే మంచం వేశారు. సంగమ్మ గంజ్‌లో పప్పులు చెరిగే పనికి కుదిరింది. పొద్దున గంజి తాగించి పోతే పొద్దుగూకే వేళకు వచ్చేది. ఆ మధ్యలో అతను ఒక్కడే. ఎడమచేతిలో దబ్బనం మాత్రం వదిలేవాడు కాదు. నిద్రలో తీసినా లేచి వెతుక్కునేవాడు.

వీధిలో పెద్దలు గురులింగప్పను వెళ్లి చూడమన్నారు. జంగమయ్య కూడా వచ్చి చెప్పాడు. మాట వాపస్ తీస్కోమను, వస్తా అన్నాడు గురులింగప్ప.

"నోరు పడిపోయినోడు ఎట్ల తీస్కుంటడు గురులింగా?" అన్నాడు జంగమయ్య.

"నేనేం జెయ్యాలె అయ్యా. ఒట్టు నాది గాదు, లింగందాయె."

మహాదేవమ్మ పెరటి వైపు నుంచి జొన్న రొట్టె, పప్పు పంపేది. రొట్టెల బుట్ట రోజూ తేలికవుతున్న సంగతి గురులింగప్ప ఎప్పుడూ అడగలేదు. తూకాలు తెలిసినవాడే.

ఆ మధ్యనే గంజ్‌కు కొత్త కాంటాలు వచ్చాయి. బల్లపరుపుగా కింద ఉంటాయి, సంచిని మీదికి నెడితే చాలు. కొయ్యా లేదు, గుండూ లేదు. గురులింగప్పకు పని ఒంటిపూటకు దిగింది. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, తన పాత ఇనుప గుండును తెచ్చి చలువరాయి మీద పెట్టాడు. పెట్టినప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ రెండుసార్లు కొట్టింది.

టక్ మని బల్లలోంచి జవాబొచ్చింది.

ఆయన వీధి అరుగు మీదికి వచ్చి కూర్చోవడం నేను చూశాను. మొహం నిండా చెమట. నీళ్లు అడిగి, తాగకుండా చెంబు చేతిలోనే పట్టుకున్నాడు. మర్నాడు జంగమయ్యను పిలిచి, ఆయన కాళ్లు కడిగిన పాదోదకం చల్లించాడు. బల్ల మీది ఆడమనిషి నుదుటికి అడ్డంగా విభూతి పూశాడు. ఝరాసంగం గుడికి పోయి గుండం నీళ్లు తెచ్చి కాళ్ల దగ్గర పోశాడు. చప్పుడు పోలేదు. రెండు కొడితే ఒకటి వచ్చేది. కొట్టకపోతే అదే ముందు ఒకటి కొట్టి ఊరుకునేది.

కొన్నాళ్లకు భయం పోయింది. తర్వాత అది లేకపోతే ఉండలేని స్థితికి వచ్చాడు. గంజ్ నుంచి వస్తూనే కాళ్లు కడుక్కుని బల్ల ముందు చాప వేసుకునేవాడు. రెండు కొట్టి, జవాబు వచ్చాక మాట్లాడేవాడు, కన్నడంలో, మెల్లగా. కొత్త కాంటాల సంగతి చెప్పేవాడు. కందుల ధర చెప్పేవాడు. చిన్నప్పుడు మంజీర వాగులో నాన్న ఈత నేర్పుతూ నీళ్లు మింగించిన సంగతి, అవ్వ చేసే హోళిగల, అదే బొబ్బట్ల, సంగతి. ఒక మాటకూ మరో మాటకూ మధ్య గోడలోంచి టక్ మనేది. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ గొంతు వినిపించేది. ఒక మనిషి అంత మెత్తగా మాట్లాడడం నేను మా వీధిలో వినలేదు. వినడానికి సిగ్గేసి, చేతిలోని పుస్తకంలో అదే పుట మళ్లీ మళ్లీ చదివేవాణ్ణి.

మహాదేవమ్మకు తెలుసు. చప్పుడు చేసేది ఎవరో ఆమెకు మొదటి వారంలోనే తెలిసిందని తర్వాత మా అమ్మతో చెప్పింది. చెబితే ఆయనకు ఒట్టు గుర్తొస్తుందని నోరు కట్టుకుంది.

మరుసటి ఏడు ఎండలు ముదిరే రోజుల్లో మాణిక్ వచ్చాడు. పాత దేవిడీలు తిరిగి సామాను కొని హైదరాబాద్‌లో అమ్ముకునేవాడు. ఎవరో బల్ల సంగతి చెబితే వెతుక్కుంటూ వచ్చి నన్ను దారి అడిగాడు. నేనే తోడుగా పోయాను. గురులింగప్ప అమ్మనని ముందే చెప్పాడు. అయినా మాణిక్ మోకాళ్ల మీద కూర్చుని వెనక అంచును వేలితో తడిమాడు.

"కాకా, దీన్ని ఎవ్వరు కొయ్యలే. ఇది పుట్టుడే గిట్ల పుట్టింది. గోడకు ఆనిచ్చి మీద నిలువుటద్దం పెడుతరు. గిసుంటియి ఇంతకుముందు సుత అమ్మిన."

"రెండో సగమో?"

"రెండో సగం ఏడిది? ఇదే నిండు."

గురులింగప్ప ఆ మాటను అవతలికి నెట్టేశాడు. మరి నాతో మాట్లాడేదేంది అని గుండు తీసి రెండుసార్లు కొట్టాడు. టక్ మంది. మాణిక్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత చెవి బల్లకు ఆనించి, అక్కడి నుంచి గోడకు ఆనించి, పకపకా నవ్వాడు.

"చప్పుడు బల్లల లేదు కాకా, గోడల ఉన్నది. అవతల ఎవరుంటరు?"

వంటింటి గుమ్మంలో మహాదేవమ్మ నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోగా ఆమె నా వైపు చూసింది, మూసుకున్నాను. గురులింగప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. గుండు చేతిలోనే ఉంది. ఆ క్షణాన ఆయనకు అంతా తెలిసిందని నేను ఒట్టు పెట్టి చెప్పగలను. రెండు దెబ్బలకు ఒక దెబ్బ ఎవరిచ్చే జవాబో జహీరాబాద్ మొత్తంలో ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? కొత్తవాడి ముందు, భార్య ముందు, నా ముందు ఆ మాట ఒప్పుకుంటే చాలు.

"ఎవ్వరు లేరు," అన్నాడు.

గంజ్‌లో లెక్క చదివే గొంతుతో అన్నాడు. ఆ గొంతుకు ఆ పల్చటి గోడ ఒక లెక్కా.

మాణిక్ భుజాలెగరేసి వెళ్లిపోయాడు. గురులింగప్ప వెంటనే చాప మీద కూర్చుని రెండుసార్లు కొట్టాడు. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాడు. ఆ మొహం ఆకుల్లోంచి వింటూనే ఉంది. మేం అందరం విన్నాం. దూరంగా రైలు కూత తప్ప ఏమీ లేదు.

అప్పటికైనా లేచి రెండు గడపలు దాటి పోవచ్చు. పోలేదు. బల్లకు అలక వచ్చిందన్నాడు. మాణిక్ దిష్టి తగిలిందన్నాడు. రోజూ కొట్టాడు. దాన్ని బతిమాలాడు. ఆ వారం గడవకముందే, ఒక పొద్దున్న సంగమ్మ ఏడుపు గోడ ఇవతలికి వచ్చింది.

లింగాయతుల్లో శవాన్ని పడుకోబెట్టరు. స్నానం చేయించి, ఒళ్లంతా విభూతి రాసి, ఎడమ అరచేతిలో లింగాన్ని ఉంచి, గోడకు ఆనించి కూర్చోబెడతారు. బతికి ఉన్నవాడు పూజలో కూర్చున్నట్టే ఉంటుంది. వీరప్పను మంచం తీసేసిన చోటే కూర్చోబెట్టారు. ఇవతల గోడకు ఆనుకుని బల్ల, అవతల అదే గోడకు ఆనుకుని అతను. నడుమ ఒక్క ఇటుక.

గురులింగప్ప వచ్చాడు. పదేళ్ల తర్వాత ఆ గడప తొక్కాడు. భజన చేసేవాళ్లు పాట ఆపి దారి ఇచ్చారు. ఆయన తమ్ముడి మొహం చూడలేదు. గోడ చూశాడు. తన కొక్కేల మొనలకు వీరప్ప అంగీ వేలాడుతోంది. దాని పక్కన, కూర్చున్నవాడి ఎడమ భుజం దగ్గర, మట్టి మెత్తిన గోడలో గవ్వ పట్టేంత గుంట. గుంట నిండా దబ్బనం పోట్లు. దాని కింద నేల మీద ఎర్రటి మట్టిపొడి ఇంకా ఊడ్వకుండా ఉంది.

సంగమ్మ లేచింది. పదేళ్లలో మొదటిసారి బర్రె లేకుండా మాట్లాడింది.

"రోజు బరాబర్ అని కొట్టిండు బావా, నాకు చేసైగతోని చెప్పిండు. మాట వాపస్ తీస్కున్న అని కొట్టిండు. నువ్వు గా బల్లను అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నవనుకున్నం, మనం బర్రెను పెట్టుకున్నట్టు. నువ్వు మాట్లాడిందంత విని నవ్వుతుండె, నోరు వంకర పోయినా నవ్వుతుండె. నేను వచ్చేవరకు కండ్లనీళ్లు పెట్టుకొని నవ్వుతుండె."

ఆమె గోడలోని గుంట మీద వేలు పెట్టింది.

"వాడకట్టోళ్లు చెప్పిన్రు, గా దినం ఎవ్వరు లేరంటివి. నేను పనినుంచి వస్తనే దబ్బనం నా చేతుల పెట్టిండు. మల్ల ముట్టుకోలే."

ఆయన కూర్చున్నాడు. తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసి, "తమ్మా" అన్నాడు. చిన్నప్పుడు పిలిచిన కన్నడపు పిలుపు. ఒట్టు పోయింది. పదిమంది ఎదుట, లింగం చేతిలో పెట్టుకుని కూర్చున్నవాడి ఎదుట పోయింది. ఎదుటివాడికి మాత్రం ఇక వినపడదు. మళ్లీ అన్నాడు, మళ్లీ అన్నాడు. జంగమయ్య భుజం పట్టి లేపేదాకా అంటూనే ఉన్నాడు. వీరప్పను పూల విమానంలో కూర్చోబెట్టి మోసుకుపోయినప్పుడు ముందు కొయ్య ఆయనే పట్టాడు. ఎవరు మార్చుకుంటామన్నా వదల్లేదు.

తర్వాత వీధిలో చాలామంది గోడ తీసేస్తారనుకున్నారు. గురులింగప్ప గడ్డపార తెచ్చాడు కూడా. సంగమ్మ ఒప్పుకోలేదు. ఆ గుంట ఉన్న గోడను ముట్టవద్దంది. దబ్బనాన్ని ఆ గుంటకు అడ్డంగా పెట్టి పైన మట్టి మెత్తింది. ఇవతలికి ఎప్పుడూ రాదు, రొట్టె పంపితే వెనక్కి పంపుతుంది. మహాదేవమ్మ బల్లను మాణిక్‌కు ఇచ్చేద్దామని ఏడ్చింది. గురులింగప్ప కదలనివ్వడు. బంగారం చాలాచోట్ల రాలిపోయింది. కింద ఎరుపు బయటపడి, ఆ మొహానికి చర్మం ఒలిచినట్టుంటుంది.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆయన గంజ్‌కు పోవడం మానేశాడు. మధ్యాహ్నం చాప వేసుకుంటాడు. గుండుతో రెండుసార్లు కొడతాడు. చాలాసేపు వింటాడు. మళ్లీ కొడతాడు. ఇప్పుడు మాట్లాడడు.

పాత బర్రె చచ్చిపోయింది. అప్పటి దుడ్డె పెరిగి ఈనింది, సంగమ్మ గుంజకే ఉంటుంది. ఈమధ్య సంగమ్మ పనికి పోలేని రోజుల్లో ఇంట్లోనే ఉంటోంది. నిన్న మధ్యాహ్నం ఆ దెబ్బలు మొదలయ్యాక తలుపు తీసుకుని బయటికి వచ్చింది. బర్రె పక్కన నిలబడి దాని మెడ మీద చెయ్యి వేసింది. వీధి మొత్తానికి వినిపించేలా కాదు, ఆ ఒక్క ఇంటికి వినిపించేలా అంది.

"ఓ బర్రే, జర చెప్పు. అవతల ఎవ్వరు లేరని చెప్పు."

లోపల కొంచెంసేపు చప్పుడు ఆగింది. మళ్లీ రెండు దెబ్బలు.